మైలుతుత్తం వల్లే రొయ్య రక్తం నీలంగా ఉంటుందా?

చెరువులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొడితే అందులోని రాగి ఎక్కి వనామి రకం రొయ్య రక్తం నీలంగా మారుతుందా, అలాంటివి తినొచ్చా అని అడిగారు. భీమవరం వైపు ఒక రొయ్యల ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. తుత్తం మొహం చూడని సముద్రపు రొయ్య రక్తం కూడా నీలమే.

ల్యాబ్‌లో పొట్ట కింద, ముందు జత ఈదే కాళ్ల మొదట్లో సూది గుచ్చి రక్తం తీసేవాళ్లం. చిటికెలో గడ్డకడుతుంది, అందుకని సిరంజిలో ముందే గడ్డకట్టనివ్వని మందు పెట్టుకోవాలి. తీసినప్పుడు దాదాపు నీళ్లలాగే ఉంటుంది. కాస్త గాలి తగిలాక లేత నీలం తేలుతుంది. జబ్బుపడి నీరసించిన రొయ్యదైతే ఆ రంగు సరిగా రాదు.

ఒంట్లో ఆక్సిజన్ మోయడానికి మనకు ఇనుము చేసే పని వాటికి రాగి చేస్తుంది. హీమోసయనిన్ అనే ప్రొటీన్‌లో రాగి పరమాణువులు జంటగా ఉంటాయి. ఒక్కోదాన్నీ హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు మూడు పట్టి ఉంచుతాయి. ఆక్సిజన్ వచ్చి ఆ రెండింటి మధ్య చేరగానే ఒక్కో రాగి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, నీలం కనబడుతుంది. ఆక్సిజన్ వెళ్లిపోతే రంగూ పోతుంది. ఎర్ర కణాల్లాంటివేమీ లేవు, ప్రొటీన్ నేరుగా రక్తంలోనే కరిగి తిరుగుతుంది.

అసలు తమాషా మోల్టింగ్, అంటే గుల్ల మార్చడం, అప్పుడు. అమెరికా తీరపు నీలి పీతలో దీన్ని బాగా పరిశోధించారు. గుల్ల మార్చే సమయంలో హీమోసయనిన్ కొంత విరిగిపోతుంది. బయటపడిన రాగి విడిగా తిరిగితే కణాలకు విషమే. అందుకే మన రైతులు లివర్ అనే హెపటోపాంక్రియాస్‌లో మెటలోథయోనిన్ అనే చిన్న ప్రొటీన్, తనలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల గంధకంతో దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఆ పీతలో అచ్చంగా రాగి కోసమే ఒక రకం మెటలోథయోనిన్ ఉంది!

చిక్కల్లా కాడ్మియం అనే విష లోహంతో. గంధకానికి అదన్నా ఇష్టమే, పట్టుకుంటే తేలిగ్గా వదలదు, లివర్‌లో పేరుకుంటుంది. యూరప్ వాళ్లు రొయ్యలకు పెట్టిన కిలోకు 0.5 మిల్లీగ్రాముల కాడ్మియం పరిమితి కూడా కండకే, ఈ లివర్ ఉండే తలకు కాదు. తలకాయల పులుసు ఇష్టమైతే అప్పుడప్పుడు తినండి, రోజూ వద్దు.

రక్తం నీలంగా ఉందని టెన్షన్ పడక్కర్లేదు. తుత్తం మాత్రం నీటి ఆల్కలినిటీ (క్షారత) చూడకుండా కొట్టకండి. అది తక్కువున్న నీళ్లలో రాగి విషం ఎక్కువ, ముందు దెబ్బతినేది మొప్పలే.