ఎఫ్‌డీ తీసేసి కిట్ కారు కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు ఉద్యోగం. ఇంటి లోన్ ఈఎంఐతో కలిపి ఖర్చులన్నీ పోను జీతంలో నాలుగో వంతు మిగులుతుంది. ఏడాదికోసారి ఒక నెల జీతమంత బోనస్ వస్తుంది. ఆరు నెలల జీతానికి సమానమైన ఎఫ్‌డీ ఉంది. పాత బళ్ళు విప్పి బిగించడం పదిహేనేళ్ళుగా నా సరదా. ఇప్పుడు రెండు సీట్ల కిట్ కారు (విడిభాగాలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి) తెప్పించుకుని, ఇంటి షెడ్డులో నేనే తయారు చేసుకోవాలనుంది. కిట్ ధర నాలుగు నెలల జీతం. ఎఫ్‌డీ తీసేసి కిట్ కొని, ఇంజన్‌కూ మిగతావాటికీ పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. పూర్తయ్యాక అమ్మితే లాభమే అని స్నేహితుడు అంటున్నాడు. నా భార్య మాత్రం ముందు ఎవరినైనా అడగమంది. ఏం చేయమంటారు?

జవాబు: కారు చేసుకోండి. ఎఫ్‌డీ మొత్తం మాత్రం తీయకండి. లోన్ అసలే వద్దు. లాభం మాట మర్చిపోండి.

నాలుగు ముక్కల్లో తేల్చేశానని అనుకోకండి, లెక్క చూపిస్తాను. రూపాయల్లో కాకుండా మీరు రాసినట్టే నెల జీతాల్లో వేస్తాను, ఆ కొలత నాకు నచ్చింది.

కేటలాగ్‌లో కనిపించే కిట్ ధరలో సాధారణంగా ఛాసిస్ (కారు చట్రం), బాడీ ప్యానెళ్లు, సస్పెన్షన్ ఆర్మ్‌లు, కొన్ని బ్రాకెట్లు ఉంటాయి. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, హబ్‌లు (చక్రాలు బిగించే భాగాలు), స్టీరింగ్ కాలమ్ లాంటివి ఒక పాత కారు కొని అందులోంచి తీసుకోవాలి. దాన్నే డోనర్ కారు అంటారు. మీ విషయంలో కిట్ నాలుగు జీతాలు. డోనర్ కారుకు ఒకటిన్నర. చక్రాలు, టైర్లు, కొత్త బేరింగులు, బ్రేకు పైపులు, సీళ్ళకు ఒకటి. పనిముట్లకు అర జీతం. రోజూ వాడే స్పానర్లు మీ దగ్గర ఉన్నా ఇంజన్ ఎత్తే హాయిస్ట్, మంచి యాక్సిల్ స్టాండ్లు, టార్క్ రెంచ్ కొనాలి, లేదా అద్దెకు తెచ్చుకోవాలి. పెయింటు, సీట్లు, లోపలి పనికి ఇంకో అర. తనిఖీ, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సులకు అర. మొత్తం ఎనిమిది.

దీని మీద 20 శాతం వేయండి. ఆ 20 శాతం ఎందుకో బళ్ళు విప్పినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక బోల్టు తుప్పుపట్టి విరుగుతుంది. దాన్ని తీయబోతే హబ్‌లో థ్రెడ్ (మర) పోతుంది. మళ్ళీ థ్రెడ్ వేయడానికి ట్యాప్ అనే మర కోసే పనిముట్టు కొంటారు. ఆ సైజు మీ సెట్‌లో ఉండదు. ఇలాంటివన్నీ 'ఇతరములు' అనే ఒకే గడిలో రాసుకుంటాం కాబట్టి కళ్ళకు ఆనవు. నా దగ్గరకు వచ్చే ఇలాంటి బడ్జెట్లలో నేను ముందు చూసేది ఆ గడే. అది ఖాళీగా ఉంటే మిగతా అంకెలనూ నమ్మను. సరే, మీ మొత్తం 9.6 జీతాలు, అంటే కిట్ ధరకు రెండున్నర రెట్ల దగ్గర్లో.

ఇప్పుడు డబ్బు ఎక్కడిదో చూద్దాం. మీ ఖర్చులు జీతంలో మూడు వంతులు కాబట్టి, ఆరు జీతాల ఎఫ్‌డీ అంటే ఎనిమిది నెలల ఇంటి ఖర్చు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా ఆరు నెలలు గడవాలంటే నాలుగున్నర జీతాలు కదలకుండా ఉండాలి. మిగిలిన ఒకటిన్నరను నిశ్చింతగా కారుకు వాడుకోవచ్చు. మీ ఆవిడకు ఈ రెండు అంకెలూ చూపించండి. ఆవిడ టెన్షన్ కారు గురించి కాకపోవచ్చు, ఆ నాలుగున్నర గురించే కావచ్చు.

మీ మిగులు ఏడాదికి మూడు జీతాలు. అందులో సగం రిటైర్మెంటుకూ, పిల్లలుంటే వాళ్ళ చదువుకూ వెళ్ళాలి. ఇది బేరాల్లేని సగం. ఇంకో సగం, పైన బోనస్ కలిపితే ఏడాదికి రెండున్నర జీతాలు కారువి. చేతిలో ఉన్న ఒకటిన్నర పోను 8.1 కావాలి, అంటే మూడేళ్ళ మూడు నెలలు.

'అంత కాలమా' అనిపిస్తుంది కదా. పనికి పట్టే సమయం కూడా లెక్కేయండి. డోనర్ భాగాలతో మొదటిసారి చేసేవాళ్ళకు 650 గంటలు పెట్టుకోండి. వారానికి ఆరు గంటల చొప్పున, ఏడాదిలో 40 వారాలు షెడ్డులోకి వెళ్ళగలిగితే 240 గంటలు. అంటే రెండేళ్ళ ఎనిమిది నెలలు. జ్వరాలు, ప్రయాణాలు, పార్టు రాక పని ఆగే వారాలు కలిపితే అదీ మూడేళ్ళు దాటుతుంది. లోన్ తీసుకుని అన్నీ మొదటి నెలలోనే తెచ్చి పెట్టినా మీ చేతులు ఇంతకంటే వేగంగా కదలవు. వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే కదులుతుంది. షెడ్డులో అట్టపెట్టెలో పడుకున్న సీటుకు ఈఎంఐ కట్టడం నాకైతే మింగుడుపడదు.

లాభం సంగతి. మీ స్నేహితుడి మాటకు ఒక చరిత్ర ఉంది. 1957లో బ్రిటన్‌లో లోటస్ సెవెన్ అనే రెండు సీట్ల కారు వచ్చినప్పుడు, తయారైన కారు కొంటే పర్చేజ్ టాక్స్ కట్టాలి. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అక్కర్లేదు. అలా కిట్ అంటే చౌక అనే పేరు వచ్చింది. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ రావడంతో కిట్‌కు ఉన్న ఆ వెసులుబాటు పోయింది. సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థ చేతికి వెళ్ళిందీ ఆ ఏడాదే. ఆ పన్ను పోయి యాభై ఏళ్ళు దాటినా ఆ పేరు మాత్రం పోలేదు.

మీ లెక్కనే తీసుకోండి. నెలకు 200 గంటల ఉద్యోగం అనుకుంటే 650 గంటలు మూడు జీతాల పైమాటే. ఖర్చు 9.6కు అది కలిపితే దాదాపు 13 జీతాలకు అమ్మితేనే మీకు అసలు గిట్టుబాటు. కొనేవాడు ముందు డ్యాష్‌బోర్డు కిందకు తల పెట్టి వైరింగ్ చూస్తాడు. 'ఎవరు చేశారు?' అని అడుగుతాడు. 'నేనే' అన్నారంటే బేరం అక్కడి నుంచి కిందికే. బాగా పేరున్న కిట్ అయి, ప్రతి దశకూ ఫొటోలు, రసీదులు ఉంటే కొంత నిలబడుతుంది. అదృష్టం కలిసొస్తే పెట్టిన డబ్బు దగ్గరికి రావచ్చు, కూలి మాత్రం రాదు. పదిహేనేళ్ళుగా బళ్ళు విప్పినందుకు మీరెప్పుడైనా కూలి అడిగారా? ఇదీ అంతే. దీన్ని పెట్టుబడుల పట్టికలో రాయకండి, సరదాల కింద రాయండి.

నిజంగా డబ్బు పోయేది ఇంకో చోట. పని సగంలో ఆగిపోతే. పూర్తయిన కారుకు ఒక ధర ఉంటుంది. విడిభాగాలకు విడిగా ఒక ధర ఉంటుంది. సగం బిగించిన ఛాసిస్‌కు ఆ రెండూ ఉండవు. కొనేవాడికి ఏ బోల్టు బిగించారో, ఏది వేలితో తిప్పి వదిలేశారో తెలియదు కాబట్టి తుక్కు కంటే కాస్త మెరుగైన ధర చెబుతాడు. అందుకే నా ప్లానంతా ఖర్చు తగ్గించడానికి కాదు, ఆగిపోకుండా చూడడానికి.

అందులో మొదటిది, పైసా ఖర్చు కాకముందే చేయాల్సింది, రిజిస్ట్రేషన్ వాకబు. కొన్ని దేశాల్లో ఇంట్లో చేసిన ఒక్క బండికి విడిగా తనిఖీ చేసి నంబరు ఇస్తారు. కొన్నిచోట్ల అసలు రోడ్డెక్కనివ్వరు. మీరున్న చోట నియమం ఏమిటో రవాణా అధికారుల నుంచి కాగితం మీద తెచ్చుకోండి. నోటిమాట చాలదు. ఛాసిస్ నంబరు ఎవరిస్తారు, పాత ఇంజన్‌కు ఏ పొగ ప్రమాణం వర్తిస్తుంది, డోనర్ కారు పత్రాలు ఏం కావాలి అన్నవి తప్పకుండా అడగండి. జవాబు 'కుదరదు' అయితే ట్రాక్ మీద మాత్రమే నడిపే బండి మీకు చాలునా అని అప్పుడు ఆలోచించుకోవచ్చు.

కుదురుతుందంటే కారుకు విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, జీతం పడ్డ రోజే దాని వాటా అందులోకి వెళ్ళేలా పెట్టండి. ఆ ఖాతాలో ఉంటేనే కొనాలి. ఒకే కిట్‌ను దశలుగా అమ్మే తయారీదారులు చాలామంది ఉన్నారు, అలాంటివాళ్ళనే చూసుకోండి. మొత్తం ముందే కడితే తగ్గింపు ఇస్తామంటే ఆశపడకండి. ఇవి ఎక్కువగా చిన్న సంస్థలు, మధ్యలో మూతపడితే మీ అడ్వాన్సు కోసం క్యూలో నిలబడాలి.

చేతిలో ఉన్న ఒకటిన్నర జీతంతో డోనర్ కారు కొనండి, పత్రాలు సరిగా ఉన్నది. ఇంజన్, గేర్‌బాక్స్ లాంటివి తీసుకున్నాక మిగిలే తలుపులు, అద్దాలు, లైట్లు, సీట్లు ఆ నెలలోనే అమ్మేయండి. ఉంచితే తుప్పూ, మొహమాటమూ రెండూ పెరుగుతాయి. ఆ డబ్బు మళ్ళీ కారు ఖాతాలోకే. తర్వాత ఛాసిస్, సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు. బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాక ఇంజన్ దించడం, ఆపైన వైరింగ్. పెయింటు అన్నిటికంటే చివర. బ్రేకులు, స్టీరింగ్, ఛాసిస్ వెల్డింగులు మాత్రం డబ్బిచ్చి అనుభవమున్న మెకానిక్‌తో చూపించండి. అక్కడ మిగుల్చుకునేది ఏమీ లేదు.

ఇన్సూరెన్సు కంపెనీకి కూడా ముందే చెప్పాలి. షెడ్డులో వెల్డింగ్, పెట్రోలు ఉంటాయంటే మీ ఇంటి పాలసీ వర్తిస్తుందో లేదో రాతలో అడగండి. కారు నడిచాక, ముందే విలువ ఒప్పుకుని ఇచ్చే పాలసీ దొరికితే అదే తీసుకోండి. మామూలు పద్ధతిలో మీ కారుకు ధర కట్టడం వాళ్ళకూ తెలియదు. ఈఎంఐ నడుస్తోంది కాబట్టి టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే కారు కంటే అవి ముందు. జాకీ మీద ఎత్తిన బండి కింద దూరబోతున్నారు మరి.

టైర్ల గురించి ఒక మాట. నేను ఒకప్పుడు పాత మోటార్‌సైకిల్ విప్పినప్పుడు తగ్గింపులో వచ్చాయని మొదటి నెలలోనే కొత్త టైర్లు కొన్నాను. బండి కదిలేసరికి ఐదేళ్ళు. టైరు పక్కన ఉన్న నాలుగంకెలు అప్పుడు చదివాను. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ఒక్క కిలోమీటరు తిరగకుండానే పక్కలు బీటలు వారాయి, రెండూ పారేశాను. ఛాసిస్ నిలబెట్టడానికి పాత టైర్లు చాలు. కొత్తవి, వాటితో పాటు బ్యాటరీ, తనిఖీ తేదీ ఖరారయ్యాకే కొనండి.