గెలిస్తే నాలుగో వంతు: ఆ కాగితం చెల్లుతుందా?

ప్రశ్న: నిరుడు చిలకలూరిపేట దగ్గర హైవే మీద జరిగిన ప్రమాదంలో నా భర్త చనిపోయారు. గుంటూరులో నష్టపరిహారం కేసు వేశాం. ప్లీడరు గారు ముందుగా ఫీజు అడగలేదు కాని, వచ్చే సొమ్ములో నాలుగో వంతు ఇస్తానని కాగితం రాయించుకుని, ఖాళీ చెక్కు మీద సంతకం తీసుకున్నారు. ఖర్చులకని విడిగా 18,000 రూపాయలు ఇచ్చాను. అమెరికాలో ఇది మామూలేనని అక్కడున్న మా తమ్ముడు అంటున్నాడు. నేను ఆ వాటా ఇవ్వవలసిందేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇవ్వనక్కరలేదమ్మా. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్నీ, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడాన్నీ భారత బార్ కౌన్సిల్ నియమాలు న్యాయవాదులకు నిషేధించాయి. అటువంటి ఒప్పందం ప్రజాప్రయోజనానికి విరుద్ధం కనుక 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షను ప్రకారం చెల్లదు. మీలాగే రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక తెలంగాణ మహిళపై, ఫీజు కింద తీసుకున్న చెక్కు చెల్లలేదంటూ ఆమె న్యాయవాదే క్రిమినల్ కేసు పెట్టగా, సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో ఆ కేసును కొట్టివేస్తూ, పరిహారంలో ఇంత శాతమని ఫీజు కోరడం చట్టవిరుద్ధమని స్పష్టంగా చెప్పింది. కనుక ఆ ఖాళీ చెక్కును తిరిగి ఇమ్మని ఈ వారమే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, దాని నకలు దాచుకోండి.

మీ తమ్ముడు చెప్పిందీ నిజమే. అమెరికాలో ప్రమాద కేసుల్లో ఈ పద్ధతి చట్టబద్ధం. అయితే అక్కడ కూడా క్రిమినల్ కేసుల్లో నిందితుడి తరఫు న్యాయవాది ఇలా తీసుకోకూడదు. పైగా అక్కడి న్యాయవాద వృత్తి నియమాల ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా, క్లయింటు సంతకంతో ఉండాలి. ఎంత శాతమో, ఏయే ఖర్చులు మినహాయిస్తారో, ఆ ఖర్చులను ఫీజు లెక్కకు ముందు తీస్తారో తరువాత తీస్తారో అందులో రాయాలి. ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది కాని దానితో చేతికొచ్చే సొమ్మే మారిపోతుంది. 90,000 డాలర్ల పరిహారం, 9,000 ఖర్చు, మూడో వంతు ఫీజు అనుకోండి. ఖర్చు ముందు తీస్తే ఫీజు 27,000, బాధితుడికి మిగిలేది 54,000. మొత్తం మీద ఫీజు కట్టి ఆపైన ఖర్చు తీస్తే ఫీజు 30,000 అవుతుంది, మిగిలేది 51,000 మాత్రమే.

ఇక మీరిచ్చిన 18,000 సంగతి. ఫీజు వేరు, ఖర్చు వేరు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, సాక్షుల బత్తా, ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టుల నకళ్ల ఖర్చు వంటివి కక్షిదారే భరించాలి. కాని తీసుకున్న ప్రతి మొత్తం ఫీజు కిందనా, ఖర్చు కిందనా అన్నది న్యాయవాది పద్దులో చూపాలి. కేసు నడుస్తుండగా ఖర్చుల సొమ్మును మీ రాతపూర్వక అంగీకారం లేకుండా ఫీజుకు మళ్లించకూడదు. అడిగితే ఆ లెక్కల నకలు మీకివ్వాలి. ఇవీ బార్ కౌన్సిల్ నియమాలే. మొహమాటపడకుండా అడగండి.

వాటా చెల్లదంటే ఆయన శ్రమకు ఏమీ ఇవ్వనక్కరలేదని కాదు. చేతిలో డబ్బు లేనివారి కేసులను ముందుగా ఏమీ తీసుకోకుండా నడిపే ప్లీడర్లు ఉన్నారు కనుకనే ఎందరో పేదలు కోర్టు గడప ఎక్కగలుగుతున్నారు. వాటాతో సంబంధం లేకుండా ఫలానా మొత్తమని ఫీజు కొత్తగా మాట్లాడుకుని, కాగితం మీద పెట్టి, ఇచ్చినప్పుడల్లా రసీదు తీసుకోండి.

ఆయన ఒప్పుకోకపోతే న్యాయవాదిని మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కేసు కాగితాలను అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు ఇచ్చింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. గుంటూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే వారే న్యాయవాదిని నియమిస్తారు. ఈలోగా మీ బ్యాంకు పాసుపుస్తకాన్ని గాని, సంతకం చేసిన విత్‌డ్రాయల్ ఫారాలను గాని ఎవరి చేతికీ ఇవ్వకండి.