400 ఆంప్స్ ఫీడర్‌కి ఒకటే లావు కేబులా, రెండు సన్నవా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కమర్షియల్ బిల్డింగ్‌లో మెయిన్ ప్యానెల్ నుంచి పై అంతస్తు ప్యానెల్‌కి 400 ఆంప్స్ ఫీడర్, అంటే కరెంటు తీసుకెళ్లే ప్రధాన లైను వేయాలి. చిల్లుల ట్రే మీద కాపర్ పీవీసీ కేబుల్, కేబుళ్లు పైకెళ్లే షాఫ్ట్‌లో 40 డిగ్రీల వేడి. ఒకటే పెద్దది లాగాలా, రెండు చిన్నవి కలపాలా? ఇలాంటి ఫీడర్లు రెండు రకాలుగానూ వేయించాను. మీకైతే రెండు కేబుళ్లే మేలంటాను. కాకపోతే ఆ రెండూ అన్నివిధాలా ఒకేలా వేయించే ఓపిక ఉండాలి.

ముందు లెక్క చూడండి. కేబుల్ లావయ్యేకొద్దీ ఒక్కో స్క్వేర్ ఎంఎం మోసే కరెంటు తగ్గుతుంది. రాగి రెట్టింపైనా వేడి బయటికిపోయే పైభాగం రెట్టింపు కాదు కదా. ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణం టేబుల్‌లో, ఆర్మర్ (లోహపు తొడుగు) లేని మల్టీకోర్ కేబుల్‌కి, అంటే అన్ని ఫేజుల తీగలూ ఒకే తొడుగులో ఉండేదానికి, 30 డిగ్రీల దగ్గర, 240 స్క్వేర్ ఎంఎంకి 430 ఆంప్స్, 120కి 276 ఇచ్చారు. అంటే రెండు 120లు కలిపి 552. ట్రే మీద పక్కపక్కన ఆనుకుని ఉంటే 0.88తో, 40 డిగ్రీల వేడికి 0.87తో గుణించి తగ్గించాలి. 422 మిగులుతుంది, మీకు సరిపోతుంది. ఒకటే 240 అయితే 374కి పడిపోతుంది, చాలదు. 300కి వెళ్లాలి, అది 432 ఇస్తుంది. రెండు 120లతో రాగి ఐదో వంతు తక్కువ పడుతుందన్నమాట. రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకి కేబుల్ చూపే అదనపు అడ్డు) కూడా దాదాపు సగమవుతుంది. కానీ రాగి తక్కువ కాబట్టి రెసిస్టెన్స్ 300 కంటే ఎక్కువే, అందుకని వోల్టేజ్ డ్రాప్ ఖచ్చితంగా తగ్గుతుందని అనుకోవద్దు.

కానీ అవే రెండు కేబుళ్లను కట్టగా కట్టి పడేస్తే 0.88 కాస్తా 0.80 అవుతుంది, చేతికొచ్చేది 384. అందుకే ట్రే వెడల్పు చూడకుండా ప్యారలల్, అంటే రెండు కేబుళ్లు కలిపి వేయడం అని నిర్ణయించొద్దు.

అసలు జాగ్రత్త కరెంటు సమానంగా పంచుకోవడంలో ఉంది. ఒకే మెటల్, ఒకే సైజు, ఒకే పొడవు, ఒకే రకం లగ్గులు (కేబుల్ చివర నొక్కి బిగించే లోహపు ముక్కలు) ఉండాలి. దారిలో ఏ ఒక్కదాని నుంచీ ట్యాపింగ్, అంటే మధ్యలో వేరే లైను తీయకూడదు. ఒకటి 30 మీటర్లు, ఇంకోటి 36 మీటర్లు ఉంటే 400 ఆంప్స్‌లో పొట్టిదాని మీద దాదాపు 218, పొడుగుదాని మీద 182 పడతాయి. మీ లెక్క ప్రకారం ఒక్కోటి మోయగలిగేది 211. పొట్టిది అప్పుడే హద్దు దాటింది.

ఒక ఆఫీస్ కాంప్లెక్స్‌లో ఇలాగే రెండు 120లు వేసిన ఫీడర్‌లో కేబుల్ వేడెక్కుతోందని పిలిచారు. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే ఆర్ ఫేజ్‌లో (మూడు ఫేజుల్లో ఒకటి) ఒక కేబుల్‌లో 250 ఆంప్స్, రెండోదాంట్లో 130. మొత్తం 380 కాబట్టి 400 ఆంప్స్ బ్రేకర్‌కి ఏ తేడా తెలియలేదు. సప్లై ఆపి చూస్తే, 130 చూపించిన కేబుల్ లగ్గును సైజుకు తగ్గ డై (నొక్కే అచ్చు) వాడకుండా నొక్కేశారు. లగ్గు మొదట్లో ఇన్సులేషన్ గోధుమ రంగుకి తిరిగి గట్టిపడిపోయింది. అంటే లగ్గు ఒక కేబుల్‌ది చెడితే, ఓవర్‌లోడ్ రెండోదాని మీద పడింది. ప్యారలల్‌లో నాకు ఎప్పుడూ ఉండే టెన్షన్ ఇదే.

ప్యానెల్ తలుపు తీసి లోపల జాగా కూడా కొలవండి. 300 కేబుల్‌ని ఇరుకు ప్యానెల్‌లో వంచితే ఆ బలమంతా బ్రేకర్ టెర్మినల్ మీద పడుతుంది. 120 అయితే చక్కగా వంగుతుంది. అయితే 400 ఆంప్స్ బ్రేకర్ టెర్మినల్‌కి రెండు లగ్గులు నేరుగా పట్టకపోవచ్చు, టెర్మినల్‌ని వెడల్పు చేసే స్ప్రెడర్ లింకులు తెప్పించుకోండి. బస్‌బార్ (ప్యానెల్‌లోని రాగి/అల్యూమినియం పట్టీ) మీదైతే చెరో వైపు ఒకటి పెట్టి బిగించాలి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు.

మల్టీకోర్ కాకుండా సింగిల్ కోర్లు (ఒక్కో తీగ విడిగా ఉండే కేబుళ్లు) వాడితే, ప్రతి పైపులోనూ మూడు ఫేజులూ న్యూట్రలూ కలిసే వెళ్లాలి. ఒక పైపులో ఒకే ఫేజ్ వేస్తే ఆ ఇనుప పైపూ, కేబుళ్లు ప్యానెల్‌లోకి దూరే ఇనుప గ్లాండ్ ప్లేటూ బాగా వేడెక్కుతాయి.

200 ఆంప్స్ లోపైతే నేను ప్యారలల్ జోలికి పోను, ఒకటే కేబుల్ వేస్తాను. అమెరికా కోడ్ ఎన్ఈసీ కూడా మామూలుగా 1/0 గేజ్, అంటే సుమారు 53 స్క్వేర్ ఎంఎం కంటే చిన్న కండక్టర్లను ప్యారలల్ చేయనివ్వదు.

సప్లై ఇచ్చే ముందు ఒక్కో కోర్‌కీ విడివిడిగా కంటిన్యుటీ (ఈ చివర నుంచి ఆ చివరికి తీగ తెగకుండా ఉందా అని) చూడండి, రెండు చివర్లా ఫేజ్ గుర్తులు సరిపోయాయో లేదో సరిచూసుకోండి. లోడ్ ఎక్కాక ప్రతి కోర్ కరెంటూ రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఒకే ఫేజ్‌లోని రెండు రీడింగుల మధ్య పది శాతం దాటి తేడా కనిపిస్తే, సప్లై ఆపించి ముందు ఆ ఫేజ్ లగ్గులే విప్పి చూస్తాను నేనైతే.