జాన్సన్ మీద వ్యాసం రాస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది, హిస్టరీ-పొలిటికల్ సైన్స్. అమెరికాలో హిస్టరీ చదువుతానంటోంది. అప్లికేషన్‌తో పంపడానికి 1960ల్లో అమెరికా ప్రెసిడెంట్‌గా ఉన్న లిండన్ జాన్సన్ నాయకత్వం మీద వ్యాసం రాస్తోంది. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడేమో, లోన్ తీసుకునైనా పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నాడు. ఏది మేలు?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో తమ్ముడి మాట ఉంది, లోన్ మాట ఉంది. అమ్మాయి ఏం రాసిందో ఒక్క ముక్క లేదు. చదివి చూశారా? చూడకుండానే దారి మార్చమంటే ఎలా? హిస్టరీ అన్నం పెడుతుందా అన్నదే మీ బెంగ. అక్కడికే వస్తాను.

పబ్లిక్ పాలసీ మంచి చదువే. "గ్యారంటీ" అన్న మాట దగ్గరే నాకు అనుమానం. ఆ చదువు చదివినవాళ్లు అక్కడ చాలామంది చూసేది ప్రభుత్వ ఉద్యోగాల వైపు. వాటిలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు అన్నీ ఆ దేశ పౌరులకే. మనవాళ్లకి చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, కోర్సుకి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) గుర్తింపు ఉంటేనే మరో 24 నెలలు. ఒకే పేరున్న కోర్సుకి ఒక యూనివర్సిటీలో ఆ గుర్తింపు ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఆ గుర్తింపుని తేల్చేది కోర్సుకిచ్చే సీఐపీ కోడ్ అనే నంబరు, అదేమిటో యూనివర్సిటీని మెయిల్‌లో అడగండి. జవాబు వచ్చేదాకా లోన్ కాగితం మీద సంతకం పెట్టొద్దు. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ పేపర్లు లేకుండా "లీడర్‌షిప్" అని పేరు పెట్టుకున్న మాస్టర్స్ అయితే, ఆ వైపు చూడనే వద్దు.

హిస్టరీలో ఎంఏకి ఫండింగ్ అరుదు. పీహెచ్‌డీకి మంచి యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. ఆరేడేళ్లు పడుతుంది, చివర ప్రొఫెసర్ పోస్టులు తక్కువ. ఇదీ దాచను.

ఇక వ్యాసం. ఇలాంటివి ఎక్కడ చెడతాయంటే, "సంస్కరణలు భేష్, వియత్నాం యుద్ధం ఘోరం" అని రెండు ముక్కలు చేసి, చెరో మార్కు వేసి, సగటు తీస్తారు. నిజానికి ఆ రెండూ ఒకే బల్ల మీద తేలిన సంగతులు. 1965 జూలై 28న జాన్సన్ వియత్నాంలో సైన్యాన్ని 75 వేల నుంచి 1,25,000కి పెంచుతున్నట్టు చెప్పాడు. అదీ రాత్రి అందరూ టీవీ చూసే వేళ ప్రసంగంలో కాదు, మధ్యాహ్నం ప్రెస్‌మీట్‌లో. రిజర్వు దళాల్ని పిలవలేదు, పన్ను పెంచలేదు. జూలై 30న వృద్ధులకి వైద్య బీమా ఇచ్చే మెడికేర్ చట్టం మీద సంతకం, ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద సంతకం. యుద్ధం అసలు ఖర్చు బయటపెడితే కాంగ్రెస్ తన సంస్కరణలకి గండి కొడుతుందని ఆయన భయం. అప్పుడు వేయని పన్ను 1968లో 10 శాతం సర్‌టాక్స్‌గా, అంటే పన్ను మీద అదనపు పన్నుగా వచ్చింది. దానికోసం ఖర్చులో 600 కోట్ల డాలర్ల కోతకి ఒప్పుకోవాల్సి వచ్చింది. అమ్మాయిని ఈ పది రోజుల మీదే రాయమనండి. ఇరవై పేజీలకి అది చాలు.

ఆధారాలకి డబ్బు అక్కర్లేదు. జాన్సన్ ఫోన్ టేపులు వర్జీనియా యూనివర్సిటీ మిల్లర్ సెంటర్ సైట్‌లో ఉచితం. 1964 మే 27న సెనేటర్ రిచర్డ్ రస్సెల్‌తో మాట్లాడిన టేపు తప్పక వినాలి. ఈ యుద్ధం ఎందుకో జాన్సన్‌కే అర్థం కాలేదని తెలుస్తుంది. రెండున్నర నెలలు తిరక్కుండానే వియత్నాంలో బలప్రయోగానికి జాన్సన్‌కి అధికారమిచ్చిన టోంకిన్ తీర్మానం సెనేట్‌లో 88-2 ఓట్లతో నెగ్గింది. "తెలియక దిగాడు" అన్న వాదన ఇక నిలవదు. ఒక్క జాగ్రత్త: రికార్డవుతోందని జాన్సన్‌కి తెలుసు, అవతలివాళ్లలో చాలామందికి తెలియదు. అందుకే టేపులో మాటని అదే వారం మెమోలతో సరిచూసుకోవాలి. అమెరికా విదేశాంగ శాఖ ఆ మెమోల్ని అచ్చువేసి ఆన్‌లైన్‌లోనూ పెట్టింది.

ఇప్పుడు మీ బెంగ. కాగితాలు ముందేసుకుని ఒక నిర్ణయాన్ని విప్పి చెప్పగల పిల్లకి పని దొరకదన్న భయం వద్దు. చట్టాల మీద పరిశోధన చేసే ఢిల్లీ సంస్థ పీఆర్ఎస్ వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్‌కి డిగ్రీ చాలు, దాదాపు ఏడాది ఒక ఎంపీ దగ్గర స్టైపెండ్‌తో పని. సివిల్స్ మెయిన్స్‌కీ, జర్నలిజానికీ కావలసింది ఈ నేర్పే. ఒక ఏడాది ఇక్కడ పనిచేసి అప్లై చేస్తే అప్లికేషన్ ఇంకా బలపడుతుంది. తొందర పిల్లది కాదు, మీది.

అన్నట్టు, 1965 అక్టోబర్ 3న లిబర్టీ ద్వీపంలో ఈ జాన్సనే దేశాలవారీ పాత కోటాల్ని రద్దుచేసే ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు భారతీయుల కోటా ఏడాదికి 100. వ్యాసంలో దానికీ ఒక పేరా ఇమ్మనండి. ఆ పేరా ముందుగా డల్లాస్‌లోని తమ్ముడికి పంపండి.