చెవి మిషన్ కొనే ముందు చేతిలో సరైన ఆడియోగ్రామ్ ఉండాలి

నాన్నగారికి 68 ఏళ్లు, రెండు చెవులూ తగ్గాయి, ఉప్పల్‌లో ఉంటాం, షాపువాళ్లు 90 వేల మిషన్ చెబుతున్నారు, ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా అని అడిగారు. ఉందండి. కాకపోతే మీరు చివర చేయాల్సిన పని ముందు పెట్టుకున్నారు. మిషను, సర్టిఫికెట్టు, పింఛను, పన్ను మినహాయింపు అన్నీ ఒక్క కాగితం మీదే ఆధారపడతాయి. దాని పేరు ఆడియోగ్రామ్, ఏ చెవికి ఎంత వినపడుతుందో చూపే పరీక్ష గ్రాఫు. అది తప్పయితే తర్వాతవన్నీ తప్పే.

'ఉచిత వినికిడి పరీక్ష' బోర్డుల దగ్గర జరిగే తంతు చూడండి. మెయిన్ రోడ్డు మీద షాపు, గాజు తలుపు, లోపల ఒక టేబుల్. పెద్దాయనకి హెడ్‌ఫోన్ తగిలించి, బీప్ వినపడితే వేలెత్తమంటారు. అదే సమయానికి బయట సిటీ బస్సు బ్రేకు వేస్తుంది, పైన ఏసీ గుర్రుమంటుంది. 500 హెర్ట్జ్ దగ్గరి సన్నటి శబ్దాన్ని ఆ మోత మింగేస్తుంది. ఆయన వేలెత్తరు. గ్రాఫులో లోపం ఉన్నదానికంటే ఎక్కువ పడుతుంది. ఇక చెవి వెనక ఎముక మీద పెట్టి చేసే బోన్ కండక్షన్ పరీక్ష చాలాచోట్ల చేయనే చేయరు. అది చేయకపోతే లోపం నరంలో ఉందో, మధ్య చెవిలో ఉందో తెలియదు. గుబిలి గట్టిగా అడ్డం పడి ఉన్నా, కర్ణభేరికి చిల్లు ఉన్నా, అదీ చెవుడు కిందే లెక్కైపోతుంది. ఆ గ్రాఫుకి తగ్గట్టు మిషన్ సెట్ చేస్తారు. ఫ్యాను హోరు, గిన్నెల చప్పుడు చెవిలో బాంబుల్లా పేలతాయి, మనవడి మాట మాత్రం అర్థం కాదు. 'ఆయనకి అలవాటు లేదు' అని ఇంట్లోవాళ్లు ఆయన్నే అంటారు. నెల తిరక్కుండా మిషన్ బీరువాలోకి చేరుతుంది.

అందుకని ముందు ఈఎన్‌టీ డాక్టరు. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. పొద్దున్నే ఓపీకి ఆధార్, పాత రిపోర్టులు పట్టుకెళ్లండి, బీపీ, షుగర్ మందుల చీటీ కూడా. చెవి చూసి, గుబిలి తీశాకే పరీక్షకి ఒప్పుకోండి. ఈలోపు కొబ్బరినూనె వేడిచేసి చెవిలో పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే లేని ఇన్ఫెక్షన్ వస్తుంది.

పరీక్ష శబ్దం చొరబడని గదిలోనే జరగాలి. గాలి ద్వారా, ఎముక ద్వారా రెండు రకాలూ చేయాలి. రెండు చెవులకీ బాగా తేడా ఉంటే మంచి చెవిలో హోరు వినిపిస్తూ రెండోది పరీక్షిస్తారు. దాన్ని మాస్కింగ్ అంటారు. అది వదిలేస్తే పాడైన చెవి పని కూడా మంచి చెవే చేసి పెట్టి రిపోర్టుని తారుమారు చేస్తుంది. తెలుగు మాటలు పలికించే స్పీచ్ పరీక్ష, కర్ణభేరి కదలికకి ఇంపెడెన్స్ పరీక్ష కూడా అడగండి. రిపోర్టులో కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు ఉంటాయి. కింద ఆడియాలజిస్ట్ సంతకం పక్కన ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. మిషన్లు అమ్మే ప్రతివాళ్లూ ఆడియాలజిస్టులు కారు.

రెండో దారి సికింద్రాబాద్‌లో, బోయినపల్లి వైపు మనోవికాస్ నగర్. అక్కడ వినికిడి, మాట లోపాల కోసం పెట్టిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా ఆ పేరు మన హైదరాబాదీదే. పరీక్ష, మిషన్ అమర్చడం, పిల్లలకి మాట నేర్పడం అన్నీ ఒకేచోట దొరుకుతాయి. దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద మిషన్లు ఇచ్చే సంస్థల్లో ఇదొకటి. 40 శాతం వైకల్య సర్టిఫికెట్ ఉండి, నెల ఆదాయం 22,500 లోపు అయితే పూర్తి ఉచితం, 30,000 వరకు సగం ధర. ఒకసారి తీసుకుంటే మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరు. 12 ఏళ్లలోపు పిల్లలకి ఏడాదే.

ఆ వైకల్య సర్టిఫికెట్‌కి స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు పెట్టాలి. ఫోన్ నంబరు మీది ఇవ్వండి. నాన్నగారిది ఇస్తే ఆసుపత్రి నుంచి కాల్ వచ్చినా ఆయనకి వినపడదు, పిలిచిన తేదీ దాటిపోతుంది. శాతం ఎలా కడతారో ముందే తెలుసుకుంటే అక్కడ గొడవ పడక్కర్లేదు. మెరుగైన చెవి లోప శాతాన్ని అయిదుతో హెచ్చించి, పాడైన చెవి శాతం కలిపి, ఆరుతో భాగిస్తారు. ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది బాగుంటే వచ్చేది 16 చిల్లర. ఒంటి చెవివాళ్లు ఎంత తిరిగినా 40 దాటదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కలో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి తగ్గినట్టు, 70 దాటితే బధిరత్వం.

శాతం వచ్చాక దేనికి ఎంత కావాలో చూసుకోండి. తెలంగాణ ఆసరా (ఇప్పుడు చేయూత) పింఛను మార్గదర్శకాల్లో మిగతా వైకల్యాలకి 40 చాలు, వినికిడికి మాత్రం 51 పెట్టారు. ఎందుకో అడిగితే జవాబుండదు. మీరు పన్ను కడుతుంటే, నాన్నగారు మీ మీద ఆధారపడి ఉంటే, పాత పన్ను విధానంలో దివ్యాంగుల పోషణ మినహాయింపు (80డీడీ) కింద పన్ను లెక్కించే ఆదాయంలో 75,000 తగ్గుతుంది, 80 శాతం వైకల్యం ఉంటే 1,25,000. రైల్వే రాయితీ మీద ఆశ పెట్టుకోకండి. మాట, వినికిడి రెండూ లేనివాళ్లకే అది. మాట్లాడగలిగితే చెవుడు లేనట్టేనని వాళ్ల లెక్క కాబోలు! చెవి ఓపీల్లోనే పేషెంట్ల పేర్లు నోటితో పిలుస్తారు, ఇంక రైల్వేని ఏమనుకుంటాం?

ఇప్పుడు మిషన్ సంగతి. హియరింగ్ ఎయిడ్ మీద జీఎస్‌టీ లేదు. బిల్లులో వేస్తే నిలదీయండి. ధరకంటే మౌల్డ్ ముఖ్యం. చెవిలో మెత్తటి పదార్థం నింపి అచ్చు తీసి చేసే ఆ ముక్క వదులైతే మిషన్ కూస్తుంది, బిగుతైతే పుండు పడుతుంది. ఇంట్లోవాళ్లు కూత భరించలేక సౌండు తగ్గిస్తారు. తగ్గించాక వినపడదు. సౌండు తగ్గించడం కాదు, మౌల్డ్ మళ్లీ తీయించాలి. మౌల్డ్ ట్యూబు పసుపెక్కి గట్టిపడితే మార్పించండి.

బ్యాటరీలకి రంగుల గుర్తు ఉంటుంది: 10కి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. స్టిక్కర్ పీకగానే లోపల పెట్టేయకండి. అవి గాలి పీల్చి పనిచేసేవి, కొన్ని నిమిషాలు బయట ఉంచాలి. పీకిన స్టిక్కర్ మళ్లీ అంటించినా బ్యాటరీ ఆగదు, తరిగిపోతూనే ఉంటుంది. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. మన మే నెల చెమట, జూలై ముసురు రెండూ మిషన్‌కి పగవాళ్లే. తలకి నూనె రాశాక వెంటనే పెట్టుకుంటే మైకు రంధ్రం మూసుకుపోతుంది.

మిషన్ వచ్చినా వంటింట్లోంచి, మిక్సీ తిరుగుతుండగా పిలిస్తే వినపడదు. ఎదురుగా వచ్చి, మొహం కనపడేలా, మామూలు గొంతుతో మాట్లాడండి. అరిస్తే పెదవుల కదలిక మారిపోయి ఇంకా అర్థం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ ఉచితం, తెలుగు మాటల్ని అక్షరాల్లో చూపిస్తుంది. బ్యాంకులోనూ డాక్టరు దగ్గరా బాగా పనికొస్తుంది.

ఇది చదివేవాళ్లలో పసిపిల్లల తల్లిదండ్రులుంటే ఒక్క మాట. 'మా మేనమామకి కూడా మాట ఆలస్యంగానే వచ్చింది' అనే ఇంటి పెద్దల మాట వినకుండా బెరా పరీక్ష (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసేది) చేయించండి. పుట్టుచెవుడుకి ఏడిప్‌లో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే పరికరం) అయిదేళ్లలోపే. ఈలోపు సైగలు వాడితే మాట రాదని భయపెడతారు, అది ఉత్తిదే.

పైన చెప్పిన వరసకి ఒకే మినహాయింపు. రాత్రి బాగుండి, తెల్లారేసరికి ఒక చెవి మూసుకుపోతే ఆడియోగ్రామ్ కోసం, సర్టిఫికెట్ కోసం ఆగకండి. జలుబనుకుని వారం చూడకండి. అదే రోజు ఈఎన్‌టీకి వెళ్లండి. దానికి ఇచ్చే స్టెరాయిడ్ మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది.