వాకిలి కప్పించే ముందు నీటి దారి చూడమ్మా

చి.ల.సౌ. మేనకోడలికి,

మామయ్య దీవించి రాయునది.

ఇంటి చుట్టూ కాంక్రీటు పోసి టైల్స్ పరిస్తే బురద బెడద తీరిపోతుందని, దసరాలోపే పని పూర్తి చేస్తానని మీ మేస్త్రీ చెప్పాడన్నావు. తల్లీ, ఆ పని ఆపించు. అల్లుడుగారికి కూడా ఈ ఉత్తరం చూపించు. అడ్వాన్సు ఇచ్చి ఉంటే దాన్ని వేరే పనికి వాడుకోమని చెప్పండి.

మీ లేఅవుటు నిన్నమొన్నటి వరకు శనగ చేను. ఒంగోలు శివార్లలో చాలాచోట్ల ఉన్నట్టే అక్కడా నల్లరేగడి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఆ కదలికను నాలుగంగుళాల కాంక్రీటు ఆపలేదు. పైగా ఇప్పుడు నేల పైపొర ఎండి ఉంది. దాని మీద పరిస్తే, వానలు పడ్డాక కింది మట్టి ఉబ్బి టైల్స్‌ను పైకి లేపుతుంది. మట్టి పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకో. అప్పటికి వానలు తగ్గిపోతాయి, నేలలో ఇంకా పదును ఉంటుంది, పూర్తిగా ఎండి నెర్రెలివ్వదు.

ఈలోగా నువ్వు చేయాల్సిన పని ఒకటే, నీటిని చూడటం. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానలే అసలు పరీక్ష. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు ఎంత తడిసి ముద్దయ్యాయో నీకు గుర్తుండే ఉంటుంది. పెద్ద వాన పడిన ప్రతిసారీ నీళ్లు ఎటునుంచి వచ్చాయి, ఎక్కడ నిలిచాయి, ఎన్నాళ్లకు ఇంకాయి అన్నది ఒక కాగితం మీద గీసి పెట్టు. ప్రహరీ మీద నీటి మట్టానికి సుద్దముక్కతో గీత గీసి ఫోనులో ఫోటో తీసి ఉంచు. మూడు నెలల తరువాత ఆ కాగితాన్ని మించిన ప్లాను ఏ ఇంజనీరూ ఇవ్వలేడు.

మీ డాబా వెయ్యి చదరపు అడుగులు అనుకుందాం. దాని మీద పది సెంటీమీటర్ల వాన పడితే తొమ్మిది వేల లీటర్లకు పైగా నీరు పడినట్టు. ఇప్పుడు ఆ నీరంతా పైపుల్లోంచి నేరుగా గోడల మొదట్లోకి దిగుతోంది. వాకిలిలో బురద ఎక్కువ భాగం అక్కడ పుడుతున్నదే. ముందు ఆ పైపులను పొడిగించి నీటిని గోడకు దూరంగా తీసుకుపోండి. ఇది వానాకాలంలోనూ చేయవచ్చు, ఖర్చు కూడా తక్కువ.

రోడ్డు మెరకగా ఉందని వాకిలినంతా దాని ఎత్తుకు నింపేద్దామని పక్కింటివాళ్లు చెప్పారన్నావు. వద్దు. బేస్‌మెంటు అంచుకంటే వాకిలి కనీసం అరడుగు కిందే ఉండాలి. లేకపోతే నీరు గోడల్లోకి ఎక్కుతుంది, చెదలూ వస్తాయి. పైగా అంత మట్టి ఒత్తిడికి ప్రహరీ పక్కకు ఒరుగుతుంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా, మనమే దానికి ఒక పల్లం చూపించాలి. మీ ఈశాన్యం మూల ఎలాగూ లోతుగా ఉందన్నావు, దాన్నే నీటికి వదిలేయండి. రోడ్డు నీరు లోపలికి రాకుండా గేటు అడుగున అడ్డంగా జాలీ మూతతో చిన్న కాలువ తవ్వించి, అది కూడా ఆ మూలకే కలిసేలా చేయండి. పక్కింటి వైపు మాత్రం ఎప్పుడూ వాటం, అంటే నీరు పారే వాలు, ఇవ్వకండి. తరువాత వచ్చే గొడవలు ఇంటికంటే పాతబడతాయి.

ఆ మూలలో అందరూ చెప్పినట్టు ఇంకుడు గుంత తవ్వించేయకు. ముందు అడుగు లోతున గుంట తీసి నీళ్లు నింపు. అవి ఇంకాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో కొలిచి చూడు. అర అంగుళం కూడా దిగకపోతే అక్కడ మామూలు గుంత పనికిరాదు, నీళ్ల తొట్టి అయి కూర్చుంటుంది. రేగడి పొర దాటి గరుసు, అంటే కంకర మట్టి, తగిలేదాకా తవ్వితేనే ఇంకుతుంది. అంత లోతు కుదరకపోతే నీటిని కాస్సేపు నిలిపి, మిగిలింది వీధి కాలువలోకి పంపే ఏర్పాటు చేసుకో. రెండు మూడు రోజులకు మించి నిలవనివ్వకు, దోమలు పుడతాయి. ఆ పల్లంలో మెట్టతామర, అంచుల్లో వట్టివేరు వెయ్యి. రెండూ నీళ్లు నిలిచినా తట్టుకుంటాయి, వట్టివేరు కట్టను కూడా పట్టి ఉంచుతుంది.

ఇక రాయి సంగతి. గోడల చుట్టూ మూడడుగుల వెడల్పున బండలు పరిపించు. కింద మందపాటి పాలిథిన్ పట్టా వేసి, బయటి వైపు వాటం ఇవ్వాలి. పదడుగులకు అంగుళంన్నర నుంచి రెండంగుళాల వాటం చాలు. కంటిచూపుతో కాక లెవెల్ పైపు, అదే నీళ్లు నింపి మట్టం చూసే గొట్టం, పట్టి చూపించమను. పట్టా ఎందుకంటే, పునాది పక్కన మట్టి తడిసి ఎండే ఆట తగ్గితే గోడలకు బీటలూ తగ్గుతాయి. అందుకే ఆ మూడడుగుల్లో మొక్కలు కూడా వద్దు.

నడిచే చోట, కారు నిలిపే చోట అడుగున్నర రేగడి తీయించి, గరుసు ఆరంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించు. ఈ పని కళ్లకు కనబడదు కాబట్టి మేస్త్రీలు దీన్నే ఎగ్గొడతారు, దగ్గర నిలబడి చూడు. దాని మీద రెండంగుళాల క్రషర్ డస్టు, ఆపైన పేవర్ బ్లాకులు. నడకకు 60 మిల్లీమీటర్లవి, కారు కింద 80వి. అంచుల్లో మాత్రం గట్టి కట్ట ఉండాలి, లేకపోతే బ్లాకులు జరిగిపోతాయి. సందుల్లో సిమెంటు పూయించకు, ఇసుక నింపించు. నేల కదిలితే బ్లాకులు కాస్త కదిలి ఊరుకుంటాయి, ఎక్కడైనా దిగితే నాలుగు తీసి సరిచేసుకోవచ్చు. కాంక్రీటు పగిలితే పగలగొట్టడమే.

చీమకుర్తి పాలిష్ రాయి బయట వేయవద్దు. తడిస్తే జారుతుంది. అమ్మమ్మ కాలు జారి పడితే ఆ మెరుపు ఎవరికి కావాలి? నల్ల కడప బండలైతే రోహిణి కార్తెలో వాటి మీద చెప్పులు లేకుండా నడవలేవు, నీడ పడే చోటే వాడు. చీమకుర్తి వైపు క్వారీలలో మిగిలిన గ్రానైటు ముక్కలు దొరికితే తెచ్చుకోండి, అంచు కట్టలకు అంత గట్టివి మరొకటి లేవు. మార్కాపురం పలకరాయి గోడకు అందంగా ఉంటుంది, అది నీ ఇష్టం.

మొక్కల విషయంలో ఒక్క మాట. నీకు నూరువరహాలు ఇష్టమని తెలుసు. సున్నం ఉన్న రేగడిలో వాటి ఆకులు పసుపెక్కిపోతాయి, కుండీలో పెంచుకో. నేలలో నందివర్ధనం, కాగితపు పూలు, దానిమ్మ బాగా వస్తాయి. మీ బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయన్నావు కాబట్టి సపోటా వెయ్యి. గన్నేరు ఉప్పుకూ ఎండకూ ఓర్చుకుంటుంది కానీ అందులో విషం ఉంది, చంటిపిల్ల ఉన్న ఇంట్లో వద్దే వద్దు. రావి, మర్రి జాతి చెట్లేవీ ఇంటి దగ్గర నాటకు. వాటి వేళ్లు నేలలో పదును లాగేసి పునాది కింద మట్టిని కుంగదీస్తాయి.

కొత్తపట్నంలో మీ చిన్నాన్న ఇసుక నేల చూసి అక్కడి పద్ధతి ఇక్కడ చేయకండి. అక్కడ నీరు నిలవదు, మట్టి నిలవదు. అది వేరే ఉత్తరం.

సంక్రాంతి తరువాత పని మొదలుపెట్టే ముందు నీ కాగితం, ఫోటోలు నాకు పంపు. లెవెల్ పైపు పట్టే రోజు నేను కావలి నుంచి వస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య