పాత డిస్కును చెరపకండి, విప్పి బీరువాలో పెట్టండి

మీరు అడిగింది ఇది: నాన్నగారి లాప్‌టాప్ 2015లో కొన్నది, ఐ3 ఐదో జనరేషన్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10 ఉంది. సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి, ఏమీ పోకుండా కొత్త విండోస్ ఎలా వేయాలి?

పాత హార్డ్ డిస్క్ విప్పి పక్కన పెట్టేయండి. కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, వేగంగా పనిచేసే డిస్క్) కొని బిగించి, ఏది వేసినా దాని మీదే వేయండి. పాత డిస్కులో ఒక్క ఫైలు కూడా చెరపొద్దు. ఇంతకంటే సురక్షితమైన దారి లేదని ఎవరితోనైనా వాదిస్తాను. నేను ఇంకోలా చేసి మా బాబాయి ఎనిమిదేళ్ల పని పోగొట్టాను.

2020 సంక్రాంతికి జరిగింది. విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయింది సరిగ్గా జనవరి 14న, భోగి రోజు. నేను హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్లాను. బాబాయి అక్కడ డీటీపీ చేస్తారు. శుభలేఖలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు. పేజీలు కూర్చే పేజీమేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు లేకపోతే ఆయనకు పొద్దు గడవదు.

"ఇక దీనికి అప్‌డేట్లు రావు బాబాయ్, 10 వేసేస్తా" అన్నాను.

"పండగ వెళ్లగానే పెళ్లిళ్ల పని ఉందిరా, జాగ్రత్త" అన్నారు.

"ఫైళ్లు ఎక్కడున్నాయి?"

"డి లోనే."

డి డ్రైవ్ తెరిచాను. కార్డ్స్ అని ఫోల్డర్ కనిపించింది. లోపలికి వెళ్లి చూడలేదు. అందులో ఉన్నవి 2012 దాకానే. ఆ తర్వాత చేసినవన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటూ వచ్చారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయని ఆయనకు తెలియదు. నాకు తెలుసు, అయినా ఆగి ఆలోచించలేదు. సి ఫార్మాట్ కొట్టేశాను. ఫాంట్లు కూడా దాంతోనే పోయాయి.

సాయంత్రం బాబాయి వచ్చి కూర్చుని ఖాళీ స్క్రీన్ చూసి "నా కార్డులేవిరా?" అన్నారు. కనుమ రోజు అందరూ విస్తళ్ల ముందు కూర్చుంటే నేను రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని గదిలో ఉన్నాను. కొన్ని ఫైళ్లు వచ్చాయి, పేర్లు లేకుండా, వట్టి అంకెలతో. కొన్ని ఫొటోలకు పైన సగం బొమ్మ ఉంది, కింద అంతా బూడిద రంగు. వాటిలో పిన్ని ఫొటోలూ ఉన్నాయి. ఆవిడ 2017లో పోయారు. బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే షాపుల్లో "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటే నాకు ఒళ్లు మండుతుంది. స్లో అయినా ఫార్మాటే, సౌండ్ రాకపోయినా ఫార్మాటే. లోపల ఏముందని అడిగేవాళ్లు తక్కువ. కొందరైతే లైసెన్సున్న విండోస్ తీసేసి క్రాక్, అంటే దొంగ కాపీ, వేసి పంపుతారు. ఆ అవసరమే లేదు. విండోస్ 10 లైసెన్స్ ఆ మెషీన్‌కే ముడిపడి ఉంటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద అదే ఎడిషన్, హోమ్ ఉంటే హోమ్, వేసి నెట్ కలిపితే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ఇక మీ మెషీన్ సంగతి. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి. చెకింగ్ దాటించి వేసే ఉపాయాలున్నాయి, కానీ అలా వేసిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. నాన్నగారి బ్యాంకు పనులు జరిగే లాప్‌టాప్‌లో అలాంటి ప్రయోగం వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే చేరొచ్చు. ఆయన వాడేది బ్రౌజర్, యూట్యూబ్ వరకే అయితే నేను విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తాను. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, డిస్కును ముట్టుకోదు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. పేజీమేకర్ లాంటివి వాడేవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.

మీ మోడల్‌లో ఉన్నది మామూలు రెండున్నర అంగుళాల డిస్కే అయితే అదే కొలత సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. ఇంకో స్లాట్ ఉంటే ర్యామ్ 8 జీబీ చేయించండి. విప్పకముందే బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, అది లేకుండా పాత డిస్క్ ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోదు. పాత బ్యాటరీ ఐదు నిమిషాలు కూడా ఆగదు కాబట్టి ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గులోనే పెట్టండి. మధ్యలో కరెంటు పోతే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

నిరుడు మా నాన్న లాప్‌టాప్‌కి ఇలాగే చేశాను. పాత డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి, పైన ప్లాస్టర్ అంటించి తేదీ రాసి బీరువాలో ఉంచాం. కావాల్సినవన్నీ కాపీ చేసుకున్నాం అనే అనుకున్నాం. రెండు నెలల తర్వాత నాన్న "పాస్‌బుక్ స్కాన్ ఏదిరా, పొలం పనికి అడుగుతున్నారు" అన్నారు. కొత్తదానిలో ఎక్కడా లేదు. బీరువా తెరిచి డిస్క్ పెట్టి చూస్తే, డౌన్‌లోడ్స్‌లో అంకెల పేరుతో ఉంది.